మణికట్టు మీది గుమాస్తా

లెక్క వేయడం మానవునికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాబోలు. ధాన్యాన్ని మానికతోను, బంగారాన్ని గురిగింజతోను, పొలాన్ని గొలుసుతోను కొలిచాడు. కాలాన్ని జాములుగా, గడియలుగా విభజించాడు. ఇన్నింటిని కొలిచినవాడు తన దేహాన్ని కొలుచుకోవడంలో మాత్రం ఎందుకో అశ్రద్ధ చూపాడు. దర్జీ టేపు నడుము చుట్టూ తిరిగినప్పుడు, రైల్వేస్టేషనులో నాణెం వేస్తే బరువుతోపాటు జాతకం కూడా అచ్చువేసి ఇచ్చే యంత్రం కనిపించినప్పుడు తప్ప, మన పెద్దలకు తమ బరువు తెలిసే సందర్భం వుండేది కాదు. ఆ చీటీలో కూడా బరువు కన్నా జాతకాన్నే ఎక్కువ శ్రద్ధగా చదివేవారు.

దీనికి విచిత్రమైన మినహాయింపు ఒకటి ఇటలీ దేశంలో కనిపిస్తుంది. పదువా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాచార్యుడైన సాంటోరియో ఒక పెద్ద త్రాసుకు కుర్చీని వేలాడదీసి, అందులో కూర్చుని భుజించేవాడు. తిన్నది, తాగినది, విసర్జించినది అంతా తూచి, సుమారు ముప్పై సంవత్సరాలు లెక్క రాశాడు. లోపలికి పోయిన ఆహారంలో సగానికి పైగా కంటికి కనిపించని స్వేదరూపంలోనే వెళ్ళిపోతున్నదని తేల్చి, 1614లో ఒక గ్రంథం ప్రకటించాడు. దేహం కూడా జమాఖర్చులు గల ఖాతా అని, దానిని లెక్క వేసి చూడవచ్చునని తలపెట్టడమే ఆయన ఘనత. నాలుగు శతాబ్దాలు గడిచాక ఆయన కుర్చీ కుదించుకుపోయి, మూడు తులాలైనా తూగని పట్టీ రూపంలో మన మణికట్టు మీదికి వచ్చింది.

అటువంటి పట్టీ ఒకటి రెండు సంవత్సరాలుగా నా ఎడమచేతికి వున్నది. కువైట్‌లో పనిచేస్తున్న మా తమ్ముడు సెలవుకు కడప వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. అంతకు నెల రోజుల ముందే నా రక్తపరీక్ష ఫలితాలు వచ్చాయి. పరగడుపున చక్కెర 112, మూడు నెలల సగటును తెలిపే పరీక్షలో 6.1 శాతం. అప్పటికి నా వయస్సు 36 సంవత్సరాలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. "ఇది ఇంకా షుగర్ వ్యాధి కాదు సార్. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి పిలవడమా, పంపించివేయడమా అన్నది మీ చేతుల్లో వుంది" అన్నారు డాక్టరుగారు.

ఆ గుమ్మం అవతల ఏమున్నదో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. మా అబ్బాజాన్ ఇరవై ఏళ్ళు ఆ వ్యాధితో కాలం గడిపారు. కుడికాలి రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆ తరువాత మోకాళ్ళు కూడా సహకరించక, మసీదులో వెనుక వరుసలో కుర్చీ మీద కూర్చుని నమాజు చేసేవారు. ఇరువైపులా అందరూ సజ్దాలోకి వెళ్ళినప్పుడు, తల మాత్రం వంచి కూర్చునే ఆయన ముఖాన్ని నేను ఎన్నోసార్లు చూశాను. నొసలు నేలకు తాకించలేకపోతున్నానన్న బాధను ఆయన ఎన్నడూ నోట పలకలేదు. పలకవలసిన అవసరమూ లేకపోయింది. ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం వున్నదని, మరి 13.6 కోట్లమంది నావలెనే గుమ్మం దగ్గర వున్నారని ఆ అంచనా చెబుతున్నది.

ఇక ఈ పట్టీ చేసే పని ఏమిటో చూద్దాం. ఇందులో చలనాన్ని పసిగట్టే సూక్ష్మపరికరం ఒకటి వుంటుంది. పైకీ కిందికీ, ముందుకూ వెనుకకూ, పక్కలకూ చేయి ఎంత వేగంగా కదిలిందో అది క్షణక్షణం గ్రహిస్తుంది. నడిచే మనిషి చేతి ఊపులో ఒక లయ వుంటుంది. ఆ లయను గుర్తించి ఒక్కొక్క అడుగుగా జమకడుతుంది. పట్టీ అడుగుభాగాన ఆకుపచ్చని దీపాలు మిణుకుమిణుకుమంటూ వుంటాయి. రక్తం ఆకుపచ్చని కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తనాళం ఉబ్బి, తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి నాడి ఎంత వున్నదో చెబుతుంది. హకీముసాహెబు మూడు వేళ్ళతో చేసిన పనిని ఇది కాంతితో చేస్తున్నదన్నమాట.

అయితే ఈ గుమాస్తాకు కనిపించేది చేయి ఒక్కటే. మనిషి మొత్తం కనిపించడు. నల్లబల్లపై ఛందస్సు పాఠం రాసేటప్పుడు నేను వేయని అడుగులు కొన్ని నా ఖాతాలో చేరుతుంటాయి. గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపినా కొన్ని కలుస్తాయి. రెండు చేతులా సంచులు పట్టుకుని సంత నుంచి నడిచివస్తే మాత్రం సగం అడుగులైనా నమోదు కావు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల పట్టీలను 60 మందికి కట్టి పరీక్షించారు. నాడి లెక్కలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతోనే పనిచేశాయి. శరీరం ఖర్చుచేసిన శక్తిని చెప్పడంలో మాత్రం అన్నింటిలోకి మెరుగైనది కూడా 27 శాతం తప్పింది. అధమమైనది 93 శాతం తప్పింది. కాబట్టి "ఈ రోజు మీరు ఇన్ని కెలోరీలు కరిగించారు" అని పట్టీ చెప్పే మాట నమ్మి, ఆ మేరకు భోజనం చేయడం క్షేమం కాదు. నేను మొదటి వారంలోనే ఆ అంకె తెర మీద కనిపించకుండా తొలగించాను.

పదివేల అడుగుల మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఈ సంఖ్య ఏ వైద్యగ్రంథం నుంచో వచ్చిందని చాలామంది విశ్వసిస్తారు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మరుసటి సంవత్సరం, 1965లో, జపాన్ దేశపు గడియారాల సంస్థ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును విక్రయించింది. దానికి పెట్టిన పేరు 'మాన్‌పోకే'. పదివేల అడుగుల మీటరు అని ఆ మాటకు అర్థం. గుర్తుంచుకోవడానికి వీలైన గుండ్రని సంఖ్య కనుక ఆ పేరు లోకమంతా వ్యాపించింది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు సగటున 72 ఏళ్ళ వయస్సు గల సుమారు 17 వేలమంది మహిళలను పరిశీలించిన వివరాలు వెలువడ్డాయి. రోజుకు 2,700 అడుగులు నడిచేవారి కన్నా 4,400 నడిచేవారిలో మరణాలు స్పష్టంగా తక్కువగా వున్నాయి. 7,500 దాటిన తరువాత అదనపు లాభం కనిపించలేదు. వృద్ధ మహిళల లెక్క అందరికీ అన్వయించకపోవచ్చు గాని, పదివేలు నిండకపోతే రోజు వృథా అయినట్లేనన్న భయం అనవసరమని మాత్రం తేటతెల్లమవుతున్నది.

నాకు ఉపకరించిన అంకె వేరు. మొదటి పదిహేను రోజులు ఏ మార్పూ చేయకుండా నా దినచర్యను యథాతథంగా రాయనిచ్చాను. అధ్యాపకుడంటే రోజంతా నిలబడి వుండేవాడని లోకాభిప్రాయం. నిలబడడం వేరు, నడవడం వేరు అని ఆ లెక్క చూపింది. నా రోజువారీ సగటు 3,100 అడుగులు. అంతకన్నా ముఖ్యమైనవి ఫోను తెర మీద గంటగంటకు గీసిన నిలువు గీతలు. జవాబుపత్రాలు దిద్దే రోజుల్లో ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఒక్క గీత కూడా లేదు. మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిది వరకు దాదాపు అంతే. నడిచిన గంట గురించి మనకు జ్ఞాపకం వుంటుంది. కూర్చున్న ఏడు గంటల గురించి వుండదు. ఆ ఖాళీ జాగాలను చూపినందుకు ఈ గుమాస్తాకు నేను రుణపడి వున్నాను.

ఆ ఖాళీలలోనే నా ప్రయత్నం ఆరంభమైంది. ఫజర్ నమాజు ముగించుకుని నేరుగా ఇంటికి రాకుండా కాలేజీ మైదానం చుట్టూ తిరగడం, పది జవాబుపత్రాలకు ఒకసారి లేచి వరండా చివరిదాకా వెళ్ళిరావడం, మధ్యాహ్నం జుహర్ నమాజుకు స్కూటరు వదిలి నడిచివెళ్ళడం వంటి చిన్న చిన్న మార్పులే చేశాను. పక్షానికి వెయ్యి అడుగుల చొప్పున పెంచుతూ ఎనిమిది వేల దగ్గర ఆగాను. మా కడప ఎండల్లో మే నెల నడక తెల్లవారుజామునే సాధ్యం. ఉదయం ఏడు దాటితే ఆరోగ్యం కోసం నడవడం అనారోగ్యానికి దారి తీస్తుంది.

ఒక ఆదివారం మా శ్రీమతి ఈ పట్టీని కుతూహలంకొద్దీ తన చేతికి కట్టుకున్నది. ఆ రోజు ఆమె వీధి గుమ్మం దాటలేదు. రాత్రి చూస్తే 9,200 అడుగులు. వంటగదికీ పెరటికీ, పెరటికీ మేడమీదికీ, మేడ నుంచి మళ్ళీ అమ్మీ గదికీ తిరిగిన తిరుగుడు అది. రొట్టెల పిండి పిసికిన ఊపులు కొన్ని కలిసివుంటాయని తీసివేసినా, ఎనిమిది వేలకు తగ్గదు. "మీరు మైదానం చుట్టూ తిరిగి సాధిస్తున్నది నేను ఇల్లు కదలకుండా సాధిస్తున్నానండీ. నాకెవరూ పట్టీ కట్టలేదు, అంతే తేడా" అన్నది నవ్వుతూ. ఆ నవ్వు వెనుక వున్న సత్యం గురించి ఒక ప్రత్యేక వ్యాసమే రాయవచ్చును. ఆనాటి నుంచి మేడ మీద బట్టలు ఆరవేయడం, తీయడం, సంత సరుకులు మోయడం నా పద్దులోకి వచ్చాయి. నా అడుగులు పెరిగాయి. ఆమెకు సాయంకాలం ఒక గంట విశ్రాంతి దొరికింది.

నడక సంగతి ఇంత సుకరంగా సాగినా, బరువు మొదటి రెండు నెలల్లో ఒకటిన్నర కిలోల కన్నా తగ్గలేదు. కారణం సామాన్య గణితంలోనే వున్నది. నా వంటి శరీరానికి పదివేల అడుగులంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. దానికి ఖర్చయ్యేది 350 కెలోరీలకు అటూఇటూ. వంద గ్రాముల బియ్యంలో వుండేది కూడా ఇంచుమించు అంతే. గంటంబావు నడక ఒక చిన్న గ్లాసెడు బియ్యానికి సమానమన్నమాట! మూడు చెంచాల పంచదార వేసిన ఒక్క చాయ్‌లోని తీపికే ఒక కిలోమీటరుకు పైగా నడవాలి. ఒక కిలో కొవ్వులో 7,700 కెలోరీల శక్తి దాగి వుంటుందంటారు. భోజనం మార్చకుండా నడకతోనే దానిని కరిగించాలంటే మూడు వారాలకు పైగా ప్రతిదినం పదివేల అడుగులు వేయాలి. ఎంత నడిచామో చూడగలిగిన గుమాస్తా ఎంత తిన్నామో చూడలేడు. పళ్ళెం ముందు ఆయన అంధుడు.

పళ్ళెం ముందు నాకు ఎదురైన పరీక్ష అంకెలకు సంబంధించినది కాదు. మా ఇళ్ళలో అన్నం పెట్టడమంటే ప్రేమను తెలపడం. దావత్‌లో రెండోసారి బిర్యానీ వడ్డించకుండా అతిథిని లేవనిస్తే ఇంటివారికి అవమానం. వద్దన్న అతిథిది పొగరు. మా అమ్మీకి నా చిన్న పళ్ళెం చూస్తే కన్నీళ్ళు వచ్చేవి. ఒకనాడు పట్టీ వంక చూసి, "భుజాల మీద రాసే ఫరిష్తాలు ఇద్దరు చాలరా బేటా? మణికట్టు మీద మూడోవాడెందుకు?" అన్నది. మనిషి మంచిచెడులను ఇద్దరు దైవదూతలు లిఖిస్తూ వుంటారన్న మా విశ్వాసాన్ని అంత చమత్కారంగా ఆమె తప్ప మరెవరూ చెప్పలేరు. "వాళ్ళు రాసింది నాకు ఇప్పుడే చూపరు గదా అమ్మీ! వీడు రోజూ చూపిస్తాడు" అన్నాను. ఆమె కొంతసేపు మౌనంగా వుండి, "మీ అబ్బాకు కూడా ఎవరైనా చూపించివుంటే బాగుండేది" అన్నది. మరునాటి నుంచి నా చాయ్‌లో పంచదార తగ్గింది. నేను అడగలేదు.

ఆ తరువాతి మార్పులన్నీ అమ్మీ వంటగదిలోనే జరిగాయి. అన్నం గరిటె చిన్నదయింది. దాల్చాలో సొరకాయ ముక్కలు పెరిగాయి. నూనె సీసా నుంచి నేరుగా గిన్నెలోకి ఒంపే అలవాటు పోయి చెంచా లెక్క వచ్చింది. ఒక గ్రాము నూనెలో 9 కెలోరీలు వుంటాయి కనుక ఆ చెంచా లెక్కే అన్నింటిలోకి ఎక్కువ ఫలితమిచ్చింది. రాత్రిపూట రాగిసంగటి గాని జొన్నరొట్టె గాని తినడం ప్రారంభించాను. రాగుల వల్ల బరువు దానంతటదే తగ్గుతుందని మా వైపు ఒక నమ్మకం వున్నది. కెలోరీల లెక్కలో రాగులకూ బియ్యానికీ చెప్పుకోదగిన తేడా లేదు. పీచుపదార్థం ఎక్కువ కావడం వల్ల కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. సంగటి ముద్ద చేసే మేలు అదే. ముద్ద పెద్దదైతే ఆ మేలూ లేదు.

రంజాన్ మాసంలో విచిత్రం చూశాను. పగలంతా ఉపవాసమున్నా ఆ నెలలో నా బరువు తగ్గలేదు. ఇఫ్తార్ వేళ సమోసాలు, షర్బత్తులు, రాత్రి హలీమ్, సహరీలో మళ్ళీ అన్నం. మధ్యాహ్నం అడుగులు సహజంగానే తగ్గాయి. రాత్రి తరావీహ్ నమాజులో గంటకు పైగా నిలబడి, వంగి, సాష్టాంగపడి లేచినా పట్టీలో పట్టుమని వంద అడుగులు పడలేదు. ఆ వందనానికి వీడి పుస్తకంలో పద్దు లేదు. లేకపోవడమే మంచిదనిపించింది. ఉదరంలో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు కేటాయించుకోవాలన్నది ప్రవక్త ఉపదేశంగా మేము చిన్ననాటి నుంచి విన్నదే. తన దినాన్ని తానే లెక్క చూసుకోవడాన్ని మా సూఫీలు 'ముహాసబా' అన్నారు. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ దానిని గురించి ఒక ప్రకరణమే రచించాడు. పట్టీ నా చేతికి కొత్తది గాని, లెక్క చూసుకోవడం నా సంప్రదాయానికి కొత్తది కాదు.

పద్నాలుగు నెలల్లో నా బరువు 86 నుంచి 75 కిలోలకు దిగింది. నడుము 102 సెంటీమీటర్ల నుంచి 92కు వచ్చింది. రక్తపరీక్షలో 6.1 వున్నది 5.6 అయింది. ఆ తరువాత పది నెలలుగా బరువు 75, 77 మధ్య ఊగుతున్నది. భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు మించరాదంటారు కనుక ఇంకా పని మిగిలే వున్నది. సన్నగా కనిపించేవారు నిశ్చింతగా వుండవచ్చునని కూడా దీని అర్థం కాదు. పుణె నగర వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్ ఇద్దరూ తమ ఛాయాచిత్రాన్ని 2004లో ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరికీ 22.3. కాని శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం కాగా, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన దేహాలలో కొవ్వు దాక్కుంటుంది. త్రాసు దానిని పట్టలేదు. పట్టీ అసలే పట్టలేదు.

ఈ ఫలితం పట్టీ వల్ల వచ్చిందా అని మిత్రులు అడుగుతుంటారు. 2016లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి ఇందుకు సమాధానం చెబుతుంది. పిట్స్‌బర్గ్‌లో 470 మందికి పైగా యువతీయువకులు రెండేళ్ళపాటు బరువు తగ్గే ప్రయత్నం చేశారు. ఆహారనియమం, వ్యాయామం అందరికీ ఒకటే. ఆరు నెలల తరువాత ఒక వర్గానికి చలనాన్ని కొలిచే పరికరాలు ఇచ్చారు. రెండో వర్గంవారు తమ లెక్క తామే రాసుకున్నారు. చివరకు పరికరం వున్నవారు సగటున 3.5 కిలోలు తగ్గగా, లేనివారు 5.9 కిలోలు తగ్గారు. లెక్క రాసే పనిని యంత్రానికి అప్పగించినవాడు లెక్క చదివే పని కూడా మానివేస్తాడేమోనని నా అనుమానం. గుమాస్తాను పెట్టుకున్నంత మాత్రాన వ్యాపారం లాభించదు. షావుకారు రాత్రి దుకాణం కట్టేముందు చిట్టా తెరిచి చూడాలి.

మన విద్యార్థినీ విద్యార్థులలో చాలామంది చేతులకు ఈ పట్టీలు చూస్తున్నాను. స్నేహితుని అడుగులతో పోటీపడి అర్ధరాత్రి గదిలో అటూఇటూ తిరిగేవారున్నారు. సంఖ్య నిండలేదని భోజనం మానివేసే అమ్మాయిలున్నారు. వారికి ఒక అధ్యాపకునిగా చెప్పదలచినది ఇంతే. ఆ అంకె మీ విలువను చెప్పే మార్కు కాదు. పదిహేను రోజులు దానిని రాయనివ్వండి. ఏ గంటలు ఖాళీగా వున్నాయో చూడండి. ఆ ఖాళీలలో ఒకదానిని నింపండి. పళ్ళెం సంగతి మీ అమ్మగారితో మాట్లాడండి. పట్టీ కొనలేనివారు విచారించనక్కరలేదు. జేబులో ఒక చిన్న నోటుపుస్తకం, ఇంట్లో దర్జీ టేపు వుంటే సరిపోతుంది. మీ ఇంట్లో పట్టీ లేకుండానే రోజుకు ఎనిమిది వేల అడుగులు నడుస్తున్న వారెవరైనా వున్నారేమో ఒక్కసారి గమనించండి. వారి చేతిలోని బరువు కొంత మీరు అందుకుంటే మీకు వేరే వ్యాయామం అక్కరలేకపోవచ్చు.